పెనాంగ్‌లో ఒక్క పగలు: అమ్మ, నేను, సాయంత్రం ఐదింటి ఓడ

క్రూయిజ్ అనగానే అందరూ అడిగేది షిప్ గురించే. స్విమ్మింగ్ పూల్ ఎంత పెద్దది? బఫేలో ఏం పెట్టారు? రూమ్‌కి బాల్కనీ ఉందా? ఊళ్ల గురించి ఎవరూ అడగరు. అసలు క్రూయిజ్‌లో ఊరంటే ఒక పూట మాత్రమే. పొద్దున దిగాలి, సాయంత్రం ఎక్కేయాలి. ఆలస్యమైతే షిప్ మన కోసం ఆగదు. రైలు తప్పితే ఇంకో రైలుంటుంది. ఓడ తప్పితే విమానం టికెట్ కొనుక్కుని తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనమే వెళ్లాలి.

అందుకే ఆ పూటని ఎలా వాడుకుంటామన్నది ముఖ్యం. సింగపూర్‌లో ఎక్కి మలేషియాలోని పెనాంగ్‌లో దిగిన మాకు లెక్క ఇదీ: ఉదయం తొమ్మిదిన్నరకి గేటు తెరుస్తారు. సాయంత్రం ఐదింటికల్లా అందరూ లోపల ఉండాలి. ఆరింటికి షిప్ కదులుతుంది. అంటే చేతిలో ఉన్నది ఏడున్నర గంటలు. అందులో అరగంట సెక్యూరిటీ లైన్లకి తీసేయండి. ఏడు గంటలు. పక్కన అరవై రెండేళ్ల అమ్మ, ఆమె మోకాళ్లు.

కొండా? ఊరా?

షిప్‌లో ముందు రోజు రాత్రే టూర్ల కాగితం ఇచ్చారు. ఎక్కువమంది తీసుకున్నది పెనాంగ్ హిల్ టూర్. పట్టాల మీద కేబుల్‌తో లాగే రైలు ఎనిమిది వందల మీటర్లకి పైగా ఎత్తున్న కొండ మీదికి తీసుకెళ్తుంది. దారిలో కెక్ లోక్ సీ అనే పెద్ద బౌద్ధాలయం చూపిస్తారు. రెండూ బాగుంటాయని చూసినవాళ్లంతా చెబుతారు. నాకూ అదే వెళ్దామని ఉంది. డ్రోన్ షాట్ లాంటి వ్యూ, రీల్‌కి పనికొస్తుంది.

అమ్మ కాగితం చూసి పక్కన పెట్టేసింది.

"కొండలు మనకి లేవేటే? నాకు రేవు చూడాలనుంది" అంది.

దానికో కారణం ఉంది. మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మ తాతగారి తమ్ముడొకాయన పెళ్లికాకముందే రబ్బరు తోటల పనికని సముద్రం దాటి వెళ్లిపోయాడట. మా వైపు అప్పట్లో సముద్రం దాటినవాళ్లలో ఎక్కువమంది బర్మా వెళ్లేవాళ్లు. రంగూన్‌ని 'రంగం' అనేవాళ్లు. ఈయన మాత్రం రంగం కాదు, ఇంకా కిందకి వెళ్లాడు. "పెనాంగులో దిగాను, ఒళ్లు బాగానే ఉంది" అని ఒక కార్డు ముక్క వచ్చిందట. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆ కార్డు కూడా ఇప్పుడు లేదు. ఆయన పేరు, పెనాంగు అన్న మాట, ఆ రెండే ఇంట్లో మిగిలాయి. అమ్మకి వాళ్ల నాయనమ్మ చెప్పింది. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేను క్రూయిజ్ బుక్ చేసి, "సింగపూర్, పెనాంగ్, ఫుకెట్" అని చదివినప్పుడు చెప్పింది.

అలా టూర్ తీసుకోకుండా నడిచే చూద్దామని ఫిక్స్ అయ్యాం. ఇంకో విషయం కూడా కలిసొచ్చింది. పెనాంగ్‌లో షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరికి ఎక్కడో దూరంగా ఉండదు. గేటు దాటితే పాత ఊరు జార్జ్‌టౌన్ మొదలైపోతుంది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ పాత ఊరినే. చూడాల్సినవన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ఆటో, బస్సు ఏమీ అక్కర్లేదు.

అరవై ఏళ్లకి అరవై అడుగులు

గేటు బయటికి రాగానే టాక్సీవాళ్లు, సైకిల్ రిక్షావాళ్లు చుట్టుముడతారు. ఇక్కడి రిక్షాకి ముందు సీటు, వెనక సైకిల్. ప్లాస్టిక్ పూలతో పెళ్లిమండపంలా అలంకరించి ఉంటుంది. నవ్వి, తల అడ్డంగా ఊపి ముందుకి నడిస్తే రెండు నిమిషాల్లో తెల్లటి క్లాక్ టవర్ కనిపిస్తుంది.

విక్టోరియా రాణి పట్టానికొచ్చి అరవై ఏళ్లయిన సందర్భంగా 1897లో ఛియా చెన్ ఇయోక్ అనే చైనీస్ వ్యాపారి దీనికి డబ్బిచ్చాడు. ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగులు కట్టించారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అదిరి, కొంచెం పక్కకి ఒరిగింది. పరీక్షగా చూస్తే ఆ వాలు తెలుస్తుంది.

దాని ఎదురుగానే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అనే కెప్టెన్ దిగింది ఈ మూలనే. కోట అన్న పేరేగానీ ఇక్కడ ఒక్క యుద్ధం కూడా జరగలేదు. లోపల లైట్ విగ్రహం ఉంది. ఆయన ముఖం ఎలా ఉండేదో చూపే బొమ్మ ఒక్కటీ దొరకలేదట. అందుకని కొడుకు పోలికలతో 1936లో చేశారు. ఆ కొడుకు విలియం తక్కువవాడేం కాదు, ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరానికి ప్లాన్ గీసింది ఆయనే.

కోట గోడ మీద సముద్రం వైపు గురిపెట్టిన పాత డచ్ ఫిరంగి ఒకటి ఉంది. పేరు సెరి రంబై. పిల్లలు లేని ఆడవాళ్లు దాని గొట్టంలో పూలు పెట్టి మొక్కుకుంటే కడుపు పండుతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. అమ్మకి అది విడ్డూరంగా ఏమీ అనిపించలేదు. "మన దగ్గర చెట్టుకి ఉయ్యాల కడతారు, వీళ్లు ఫిరంగికి పూలు పెడతారు" అంది.

ఒకే వీధిలో నాలుగు దేవుళ్లు

కోట దాటి కాస్త లోపలికి వస్తే పాత పిట్ స్ట్రీట్. ఇప్పుడు దాని పేరు జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్. మలయ్‌లో జలాన్ అంటే రోడ్డు. ఈ వీధిని సామరస్య వీధి అంటారు. మొదట సెయింట్ జార్జ్ చర్చి, 1818 నాటిది. తెల్లటి స్తంభాలతో చెన్నై పాత చర్చిల్లాగే ఉంటుంది. దాన్ని కట్టిన కూలీలు ఖైదీలు. ఆ రోజుల్లో కంపెనీ మన దేశంలో శిక్షపడ్డ ఖైదీలను ఓడల్లో ఇక్కడికి పంపేది. రోడ్లు, కాలవలు, పెద్ద పెద్ద భవనాలు వాళ్లచేత కట్టించుకునేది. పని అయ్యాక చాలామంది ఇక్కడే ఉండిపోయారు.

కొంచెం ముందుకెళ్తే దయామయి దేవత గుడి. చైనా నుంచి వచ్చినవాళ్లు రెండు వందల ఏళ్ల కిందట కట్టుకున్నారు. మనిషంత పొడుగు అగరొత్తులు గుడి ముందు వెలుగుతుంటాయి. పొగకి కళ్లు మండుతాయి, అయినా కదలబుద్ధి కాదు. ఒక ముసలావిడ మూడు కడ్డీలు వెలిగించి, నుదుటికి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. అమ్మ కూడా పక్కన నిలబడి దండం పెట్టుకుంది. ఏ దేవత అని నన్ను అడగలేదు.

దానికి వెనక వీధిలో మన మారియమ్మన్ గుడి. 1833లో కట్టిన ఈ శ్రీ మహామారియమ్మన్ ఆలయం పెనాంగ్‌లోకెల్లా పాత హిందూ దేవాలయం. గోపురం చిన్నదే. రంగులు మాత్రం తమిళనాడు గుళ్లలాగే ముదురుగా ఉంటాయి. మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసేస్తారు, అందుకే పన్నెండు లోపు దర్శనం అయ్యేలా చూసుకున్నాం. పూజారి హారతి పళ్లెం తెచ్చి, గోత్రం అడిగారు. దేశంగాని దేశంలో ఎవరో గోత్రం అడిగితే అమ్మ ముఖం వెలిగిపోయింది.

ఆ వీధి చివర మసీదు. నాలుగు మతాల దేవుళ్లు, పది నిమిషాల నడక. ఒక్కో గుడిదీ ఒక్కో వలస కథ. ఇంట్లో ఉన్నవాళ్లు కట్టించుకునే గుడి వేరు, ఇల్లు వదిలి వచ్చినవాళ్లు కట్టించుకునే గుడి వేరు. ఈ వీధిలో ఉన్నవన్నీ రెండో రకం.

ఆ పేరు మనదే

మసీదు పేరు కపితాన్ కెలింగ్. 1801లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఇచ్చిన స్థలంలో దక్షిణ భారత ముస్లింలు కట్టుకున్నారు. వాళ్ల పెద్ద కాదర్ మొహిదీన్‌. ఒక్కో జాతివాళ్లకి ఒక్కో పెద్దని పెట్టి 'కపితాన్' అనడం అప్పటి పద్ధతి. ఈయన కెలింగులకి కపితాన్.

కెలింగ్ అంటే ఎవరు? దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్లు. ఆ మాట ఎక్కడిది? కళింగం నుంచి. మన ఉత్తరాంధ్ర, దాని పైన ఒడిశా తీరం. మలయ్ దీవులకి ఓడలు నడిపిన పాతకాలపు వర్తకుల్లో కళింగులు ఎంతగా కనిపించేవాళ్లంటే, ఆ తర్వాత తమిళులు వచ్చినా, ఎవరొచ్చినా ఆ పేరుతోనే పిలిచారు. మా ఊరికి కళింగపట్నం బస్సులో గంట ప్రయాణం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. పాత లైట్‌హౌస్ ఉంది, ఆదివారాలు పిల్లలు ఫొటోలు దిగుతారు. రేవుగా దాని రోజులు ఎప్పుడో పోయాయి. ఆ నేల పేరేమో ఇక్కడ రోడ్డు బోర్డు మీద ఉంది!

మసీదు గుమ్మంలో కట్టుకోడానికి పొడుగు అంగీ ఇచ్చారు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మొఘల్ గుమ్మటాల్లాంటి గుమ్మటాలు, ఎత్తైన మినార్. మెట్ల మీద కూర్చుని అమ్మకి ఈ కళింగం సంగతంతా చెప్పాను. సంతోషపడింది. ఆ తర్వాత మిగతా సగం చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఇప్పుడు మలేషియాలో తిట్టు. కూలీలుగా వచ్చిన భారతీయుల్ని ఈసడిస్తూ వాడీ వాడీ, దానికి ఆ వాసన పట్టేసింది. పాత వీధుల పేర్లలో, మసీదుల పేర్లలో తప్ప మనిషి ముఖం మీద అనకూడని మాట అది. మీరు వెళ్లినా సరదాకి కూడా అనకండి.

"మన ఊరి పేరే తిట్టయిపోనాదా?" అంది అమ్మ.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఆళ్లకి తెలీదులే. మనకి తెలుసు కదా" అంది.

ఇది ఒక్క పెనాంగ్ కథ కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్లని బర్మాలో, మారిషస్‌లో 'కోరంగీలు' అన్నారు. మనుషులు ఏ రేవులో ఎక్కారో ఆ రేవే వాళ్ల పేరైపోయింది. ఎక్కిన రేవు మాత్రం మడ అడవుల్లో మాయమైంది.

పూలమ్మిన ఆవిడ చెప్పింది

మారియమ్మన్ గుడి చుట్టూ ఉన్న రెండు మూడు వీధులు లిటిల్ ఇండియా. ఇక్కడికి రాగానే చెవులకి ఇల్లు తెలిసిపోతుంది. స్పీకర్లలో ఇళయరాజా పాటలు. స్టీలు సామాన్ల కొట్టు, చీరల కొట్టు, పూజ సామాను, అప్పడాల ప్యాకెట్లు. గూగుల్ మ్యాప్స్ మూసేయొచ్చు.

గుడి పక్కన ఒకావిడ మల్లెలు కడుతోంది. అమ్మ వయసే. అమ్మకి తమిళం రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా మూర పొడుగు గురించి ఇద్దరూ బేరమాడుకున్నారు. మధ్యలో నేను నాకొచ్చిన చెన్నై తమిళంతో అడిగాను, ఇక్కడ తెలుగువాళ్లు ఉంటారా అని. ఆవిడ చెయ్యి దక్షిణం వైపు చూపించింది. పెనాంగ్‌లో అక్కడక్కడా ఉన్నారు గానీ, ఎక్కువమంది పెరాక్‌లో, బాగాన్ డాటో వైపు తోటల్లో అంది. మా ఆడపడుచు కోడలు తెలుగమ్మాయే, పెళ్లిలో కూడా బెల్లం, జీలకర్ర అడిగారు అని నవ్వింది.

ఆవిడ చెప్పింది నిజమే. మలేషియా తెలుగువాళ్ల ఊళ్లు ఎక్కువగా పెరాక్ రాష్ట్రం దిగువన, కొబ్బరి, రబ్బరు తోటల చుట్టూ పుట్టాయి. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే కారణం వాళ్లే. ఈ దేశంలో భారతీయుడంటే తమిళుడనే అనుకుంటారు. వాళ్ల మధ్య తెలుగు నిలబెట్టుకోవడం మామూలు సంగతి కాదు.

అమ్మ మూర మల్లెలు కొంది, రెండు మూరలు తెచ్చుకుంది. రెండోది ఆవిడ ఊరికే ఇచ్చింది.

ఇంకో కొట్లో తమలపాకులు, వక్కలు కనిపించాయి. మలయ్‌లో పినాంగ్ అంటే వక్క. పులావ్ పినాంగ్ అంటే పోకచెట్ల దీవి. అది చెప్పగానే అమ్మ వెంటనే చిన్న పొట్లం కొనేసింది. వక్కల దీవికి వచ్చి వక్క నమలకపోతే ఎలా!

కావడి అన్నం

పెనాంగ్ అంటే మలేషియాకి తిండి రాజధాని. ఇక్కడ తినాల్సిన లిస్టు ఎవరిని అడిగినా పాతిక పేర్లు చెబుతారు. మాకు ఒక్క భోజనం, ఒక చిరుతిండి, అంతే టైముంది.

అమ్మ శనివారం నీసు తినదు. కాబట్టి ఆమెకి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం. సాంబారు, రసం, రెండు కూరలు, అప్పడం. రుచి బాగుంది, కారం తక్కువ. బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసి ఆ లోటు పూడ్చుకుంది.

నేను పక్క సందులో నాసి కందార్ తిన్నాను. నాసి అంటే అన్నం. కందార్ అంటే కావడి. తమిళ ముస్లింలు ఒకప్పుడు కావడికి ఒకవైపు అన్నం, ఇంకోవైపు కూరలు కట్టుకుని రేవు కూలీలకి అమ్మేవాళ్లు. అదే ఇప్పుడు హోటళ్ల తిండి అయింది. అన్నం మీద కోడి, చేప, బెండకాయ, ఏదైనా పెట్టించుకుని, "బంజిర్" అనాలి. అంటే వరద. నాలుగైదు రకాల పులుసులు కలిపి అన్నం మునిగేలా పోస్తారు. చూడ్డానికి గందరగోళం, తింటే స్వర్గం. మన పెళ్లి భోజనంలో చివర ఆకులో అన్నీ కలిసిపోయిన ముద్ద ఉంటుంది చూశారా, ఆ రుచి.

చిరుతిండి చెండోల్. గీకిన ఐసు, కొబ్బరిపాలు, తాటిబెల్లంలాంటి నల్లటి పాకం, ఉడికించిన రాజ్మా, పచ్చటి సేమ్యాలా ఉండే బియ్యప్పిండి ముక్కలు. ఆ పచ్చ రంగు పాండన్ ఆకుది. ముప్పై మూడు డిగ్రీల ఉక్కలో ఒక గిన్నె తాగితే ప్రాణం లేచొస్తుంది. అమ్మ మొదట "ఆ పచ్చయి ఏటి, వానపాముల్లాగున్నాయి" అంది. తర్వాత నా గిన్నె కూడా తీసేసుకుంది.

గోడ మీది సైకిల్

రెండింటికి అర్మేనియన్ స్ట్రీట్. ఇన్‌స్టాలో పెనాంగ్ అని కొడితే వచ్చే మొదటి ఫొటో ఇక్కడిదే. నిజం సైకిల్ గోడకి ఆనించి ఉంటుంది, దాని మీద ఇద్దరు పిల్లలు గోడ మీద బొమ్మగా ఉంటారు. లిథువేనియాకి చెందిన ఎర్నెస్ట్ జకరెవిచ్ అనే కళాకారుడు 2012లో జార్జ్‌టౌన్ ఫెస్టివల్ కోసం వేశాడు. ఒక్క బొమ్మతో ఆ వీధి దశ తిరిగిపోయింది.

మేం వెళ్లేసరికి లైను. ఒక్కొక్కరికీ అర నిమిషం. ముందున్న కుటుంబం మా షిప్‌లోదే, హైదరాబాద్ వాళ్లు. ఫొటోలు తీసుకున్నాక గోడ దగ్గరగా వెళ్లి చూశాను. రంగు వెలిసిపోతోంది. అయినా చిన్నపిల్ల నవ్వు ఇంకా అలాగే ఉంది.

వీధి మొత్తం ఇప్పుడు మాగ్నెట్లు, టీషర్టులు, ఐస్‌క్రీములు. వారసత్వ జాబితాలో చేరాక పాత ఇళ్లు చాలావరకు కేఫ్‌లు, హోటళ్లు అయ్యాయి. అద్దెలు పెరిగి తరాలుగా ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోయారని ఊళ్లో చాలామంది చెబుతారు. గోడల్ని కాపాడుకున్నంత తేలిక కాదు, ఆ గోడల మధ్య మనుషుల్ని కాపాడుకోవడం. మాలాంటి ఒక పూట జనం వేలల్లో దిగే ఊరికి అది ఇంకా కష్టం.

నీళ్ల మీద ఇళ్లు

అక్కడి నుంచి సముద్రం వైపు నడిస్తే వెల్డ్ కీ రోడ్డు. రోడ్డు అవతల చైనీస్ వంశాల జెట్టీలు. సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద చెక్క వంతెన, వంతెనకి రెండు వైపులా ఇళ్లు. చైనా నుంచి వచ్చిన రేవు కూలీలు, పడవలవాళ్లు ఒక్కో ఇంటిపేరు వాళ్లు ఒక్కో జెట్టీ కట్టుకున్నారు. లిమ్, టాన్, లీ, యియో, చ్యూ. చ్యూ జెట్టీ అన్నిటికంటే పెద్దది. చెక్కల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. గుమ్మాల ముందు ఎర్ర దీపాలు, చిన్న దేవుడి గూళ్లు, ఆరేసిన బట్టలు. ఇళ్లలోకి తొంగిచూడొద్దు, లోపల ఫొటోలు తీయొద్దు అని బోర్డులు. పాటించండి, అది వాళ్ల ఇల్లు.

అమ్మ ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది. మోకాళ్ల గురించి ఒక్క మాట లేదు. చివర చిన్న గూడు, దాని ముందు సముద్రం. అవతల గట్టున బటర్‌వర్త్. ఎడమవైపు మా షిప్, తెల్లగా, పదంతస్తుల అపార్ట్‌మెంట్‌లాగా.

ఆయన ఎలా వచ్చుంటాడని అడిగింది. నేను చదివినంత చెప్పాను. అప్పట్లో మలయా తోటలకి మనుషుల్ని కంగాణీలు తెచ్చేవాళ్లు. కంగాణీ అంటే మేస్త్రీ. ఊరికొచ్చి, తెలిసినవాళ్లకి ఆశ చూపించి, గుంపుగా తీసుకెళ్లేవాడు. మద్రాసు దగ్గర ఆవడిలో, నాగపట్నంలో క్యాంపులుండేవి. అక్కడ ఓడ ఎక్కించేవాళ్లు. 1926 నుంచి రజులా అనే ఓడ మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ మధ్య దాదాపు యాభై ఏళ్లు తిరిగింది. డెక్ ప్యాసింజర్లంటే గది ఉండదు, మంచం ఉండదు. డెక్ మీద చాప పరుచుకున్నంత మేరే వాళ్ల చోటు. ఇక్కడికి రాగానే ఊళ్లోకి కాదు, రోగాలుంటాయని దక్షిణాన ఉన్న జెరెజాక్ అనే చిన్న దీవిలో ఉంచేవాళ్లు. ఆ తర్వాతే తోటలకి. 1938లో అప్పటి భారత ప్రభుత్వం కూలీల్ని ఇలా పంపడం ఆపేసింది.

"అయితే ఆ కార్డు ఆ దీవిలోంచి రాసుంటాడు" అంది అమ్మ.

అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. చెప్పేవాళ్లెవరూ లేరు. ఆమె కొంగున దాచిన రెండో మూర మల్లెలు తీసి, ఆ చెక్కల చివర వంగి, నీళ్లలోకి వదిలింది. మంత్రం ఏమీ లేదు. ఆయన పేరు ఒకసారి అంది, అంతే. వక్క పొట్లం విప్పి రెండు వక్కలు కూడా వేసింది. "పొగాకు ఇష్టమంట. అది లేదు కదా" అంది.

నేను ఫోన్ బయటికి తీయలేదు.

వాన, టైము

మూడున్నరకి వాన మొదలైంది. పెనాంగ్ వాన మన తుఫాను వానలా వస్తుంది. చినుకు అన్న మాటే ఉండదు, ఒక్కసారే గుమ్మరిస్తుంది. జెట్టీ మొదట్లోని గుడి అరుగు మీద నిలబడ్డాం. గ్రాబ్ యాప్‌లో కారు బుక్ చేస్తే వెతుకుతూనే ఉంది. షిప్‌లోవాళ్లందరూ ఒకేసారి బుక్ చేస్తున్నారు కాబోలు. నాలుగైంది. ఇరవై నిమిషాలకి కూడా ఒక్క కారూ దొరకలేదు.

పక్కనే కొట్టు పెట్టుకున్న చైనీస్ పెద్దాయన మా మెడల్లో వేలాడుతున్న షిప్ కార్డులు చూశాడు. లోపలికెళ్లి రెండు పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు తెచ్చి, ఒక్కోటీ మూడు రింగిట్లన్నాడు. "షిప్ నో వెయిట్" అన్నాడు నవ్వుతూ. కొనుక్కుని, వేసుకుని, బయల్దేరాం. చ్యూ జెట్టీ నుంచి పియర్‌కి కిలోమీటరు పైచిలుకు. ఒకే రోడ్డు, కుడిపక్క సముద్రం.

"బేగి రా" అంటూ అమ్మే ముందు నడిచింది. పూల కొట్టు, జెట్టీ, ఆ కార్డు ముక్క, దేని గురించీ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, "ఆయనకి తిరిగి ఎక్కే ఓడ లేకపోయింది, మనకుంది. పద" అంది.

నాలుగు నలభైకి గేట్లో కార్డు గీకాం. మిషన్ టింగ్ మంది.

మీరూ వెళ్తే

• క్రూయిజ్ సింగపూర్‌లో మొదలై సింగపూర్‌కే తిరిగొస్తే, సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి. మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయుల్ని 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు అధికారిక సైట్‌లో చూడండి. డిజిటల్ అరైవల్ కార్డు నింపాలో లేదో షిప్‌వాళ్లనే అడగండి.

• దిగిన వెంటనే షిప్ టైము, ఫోన్ టైము ఒకటేనా అని చూడండి. సింగపూర్, మలేషియాల టైము ఒక్కటే. థాయ్‌లాండ్ గంట వెనక.

• నడక రూటు: క్లాక్ టవర్, కార్న్‌వాలిస్ కోట, సెయింట్ జార్జ్ చర్చి, దయామయి గుడి, మారియమ్మన్ గుడి, లిటిల్ ఇండియా, కపితాన్ కెలింగ్ మసీదు, అర్మేనియన్ స్ట్రీట్, చ్యూ జెట్టీ. మెల్లగా నడిచినా ఐదారు గంటలు చాలు. నడవలేనివాళ్లకి ఊళ్లో తిరిగే ఉచిత బస్సు ఉంది, క్యాట్ అంటారు.

• కొండ, కెక్ లోక్ సీ, పాత ఊరు మూడూ ఒక్క పూటలో పెట్టుకోవద్దు. కొండ రైలుకి శనాదివారాలు లైను పెద్దది.

• గుళ్లకి, మసీదుకి వెళ్తారు కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గొడుగు తప్పనిసరి. కొంచెం రింగిట్లు చేతిలో ఉంచుకోండి. చిన్న కొట్లలో కార్డు నడవకపోవచ్చు.

• షిప్‌కి గంట ముందు చేరేలా ప్లాన్ చేసుకోండి. వాన పడితే ఆ గంటే కాపాడుతుంది.

• చివరగా ఒకటి. బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి మీరు ఆగబోయే రేవుల పేర్లు చదివి వినిపించండి. రంగూన్, పెనాంగ్, కొలంబో, డర్బన్, పోర్ట్ లూయిస్. ఏ పేరు దగ్గర ఆగి, "ఆగు, అక్కడికి మనవాళ్లెవరో వెళ్లారు" అంటారో తెలీదు. అన్నారంటే మాత్రం ఆ రోజు టూర్ కాగితం పక్కన పెట్టేయొచ్చు.